తుప్పు కింది ఉక్కు

ఆదివారం పొద్దున్నే ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా ఎర్రగడ్డలో దిగొచ్చు. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, నాంపల్లి, అమీర్‌పేట అన్నీ ఆ దారిలోనివే. 2018 సెప్టెంబరులో ఎల్బీ నగర్ నుంచి అమీర్‌పేట దాకా లైను తెరిచాక ఎర్రగడ్డ ఆదివారం సంత మా తూర్పు వైపు వాళ్లకు పక్క పేట అయిపోయింది. రోడ్డు పక్కన గోనెపట్టాల మీద పానాలు, పిడి ఊడిన సుత్తులు, వైరు తెగిన డ్రిల్లింగ్ మిషన్లు, ఎక్కడివో తెలియని పళ్లచక్రాలు కుప్పలుగా ఉంటాయి. ఇంట్లో ఇనుప పని చేసుకోవడానికి ఒక బల్ల సిద్ధం చేసుకుందామని బయల్దేరినవాడికి ఆ కుప్పలు చూస్తే రెండే ఆలోచనలు వస్తాయి: అన్నీ కొనేద్దామని, ఏదీ పనికిరాదని. రెండూ తప్పే.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు మా కొత్తపేట వీధిలో ఉండే రిటైరైన ఫిట్టర్ ఒకాయన వెంట వచ్చాడు. నేను బాబాయ్ అంటాను. ఒక కుప్పలో 5 అంగుళాల బెంచ్ వైస్ కనబడింది. ఒళ్లంతా ఇటుకరాయి రంగు తుప్పు, దవడలకు ఉండాల్సిన ఉక్కు పట్టీలు రెండూ లేవు. అమ్మేవాడు "పాత మాల్ తమ్మీ, కొత్తదాంట్ల గింత బరువుంటదా?" అన్నాడు. నేను తుప్పును గోటితో గీకుతున్నాను. బాబాయ్ నా చెయ్యి పక్కకు తోసి, "తుప్పేం జూస్తవ్? అది అంగి లెక్క, ఇప్పితె పోతది. బొక్కలు జూడు" అన్నాడు.

పాత పనిముట్లు కొనే విద్యంతా ఆ మాటలోనే ఉంది. కాలం ఇనుముకు చేసే చెరుపులో కొంత మనం ఇంట్లో పోగొట్టగలిగేది, కొంత మన వల్ల కానిది. తుప్పు, ఊడిన పిడి, పోయిన పట్టీ మొదటి రకం. పగులు, అరిగిపోయిన మర, పోయిన పదను రెండో రకం. మొదటి రకం చెరుపు ధరను తగ్గిస్తుంది, కొనేవాడికి అది మేలే. రెండో రకం కంటికి ఆనదు. ఆ తేడా పట్టుకోవడానికి కాస్త భౌతికశాస్త్రం, కాస్త రసాయనశాస్త్రం చాలు.

వైస్ నుంచే మొదలుపెడదాం, ఎందుకంటే ఇనుప పని బల్ల మీద మొదట రావాల్సింది అదే. రెండో చెయ్యి పట్టుకోలేని పనిని అది పట్టుకుంటుంది. దాని గుండె మర. మర అంటే ఒక కడ్డీ చుట్టూ చుట్టిన వాలుబాట. ఘాట్ రోడ్డు కొండను చుట్టినట్టు అది కడ్డీని చుట్టుకుని ఉంటుంది. ఒక చుట్టు తిప్పితే దవడ 5 మిల్లీమీటర్లు జరుగుతుందనుకుందాం. పిడి పొడవు 200 మిల్లీమీటర్లయితే దాని కొస అదే చుట్టులో 1,250 మిల్లీమీటర్లకు పైగా తిరుగుతుంది. అంటే 250 రెట్లు. పిడి కొసను 10 కిలోల బలంతో లాగితే దవడల మధ్య 2,500 కిలోల ఒత్తిడి రావాలి. రాదు. మరకూ లోపలి నట్టుకూ మధ్య రాపిడి అందులో ఇంచుమించు ఐదింట నాలుగు వంతులు మింగేస్తుంది. మిగిలేది ఓ 500 కిలోలు. ఇంత వృథానా అనిపిస్తుంది గానీ, ఆ రాపిడే లేకపోతే పిడి వదలగానే మర గిర్రున వెనక్కి తిరిగి పనిని జార్చేస్తుంది. వేసిన బలంలో సగానికి మించి నష్టపోయే మరే తనంత తాను బిగుసుకుని నిలబడుతుంది. వైస్‌కు పట్టు ఇచ్చేది దాని నష్టమే.

అందుకే బాబాయ్ మొదట పిడిని తిప్పలేదు. దవడను రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపాడు. మరకూ నట్టుకూ మధ్య ఎంత వదులు ఉందో ఆ కదలికలో తెలుస్తుంది. కొద్దిపాటి వదులు సహజం. అరచుట్టు తిరిగినా దవడ కదలకపోతే పళ్లు కత్తి అంచుల్లా అరిగాయని అర్థం. అటువంటి మరను ఇంట్లో బాగుచేయలేం. మళ్లీ లేత్ మీద కోయించాల్సిందే.

తర్వాత పగులు. వైస్ ఒళ్లు ఎక్కువగా పోత ఇనుము. అందులో 3 శాతం చుట్టూ కర్బనం ఉంటుంది, అది గ్రాఫైటు రేకులుగా లోపలంతా పరుచుకుని ఉంటుంది. సుత్తి దెబ్బల అదురును ఆ రేకులు మింగేస్తాయి. బల్లల కింద, యంత్రాల పీఠాల్లో పోత ఇనుము వాడేది ఈ గుణం కోసమే. కానీ అవే రేకులు లోపలి నుంచి చీలికకు దారి చూపిస్తాయి. ఎవరో ఎప్పుడో వైస్ వీపు మీద సమ్మెటతో కొట్టి ఉంటే వెంట్రుక వాసి పగులు పడి, దాని మీద రంగు వేసి ఉండొచ్చు. రైల్వే వర్క్‌షాపుల్లో ఒకప్పుడు ఇరుసుల పగుళ్లు పట్టుకున్న పాత పద్ధతి మన ఇంట్లోనూ పనిచేస్తుంది. అనుమానం ఉన్నచోట రంగు గీకి, కిరోసిన్ పూసి కాసేపు ఉంచాలి. పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్దపొడి సన్నగా చల్లాలి. పగులు ఉంటే లోపల దాక్కున్న కిరోసిన్ మెల్లగా పైకి ఊరి, తెల్లటి సుద్ద మీద తడి గీత గీస్తుంది. సంతలో అంత తీరిక ఉండదు కాబట్టి అక్కడ చిన్న పానాతో తట్టి వినడమే. గట్టి ముక్క కాసేపు మోగుతుంది, పగిలింది ఠప్పుమని ఊరుకుంటుంది.

ఆ రోజు వైస్‌తో పాటు ఒక డ్రిల్ చక్ కూడా తెచ్చుకున్నాను. తుప్పు తుడిస్తే మీద ప్రాగా ముద్ర కనబడింది. ప్రాగా టూల్స్ 1943లో సికింద్రాబాద్‌లో పుట్టిన సంస్థ. ప్రపంచ యుద్ధం నడుమ, విదేశీ యంత్రాలు అందడం కష్టమైన రోజులు. అంతకు ముందేడు, 1942లో, ఆల్విన్ మెటల్ వర్క్స్ మొదలైంది. తర్వాత బాలానగర్, సనత్‌నగర్‌లలో కర్మాగారాలు, 1968లో బాలానగర్‌లోనే పనిముట్ల రూపకల్పన నేర్పే కేంద్ర సంస్థ వచ్చాయి. ఈ ఊళ్లో పాత ఇనుము కుప్పల్లో నాణ్యమైన సరుకు ఇంకా దొరుకుతుందంటే, ఒకప్పుడు ఇక్కడ ఇనుముతో పనిచేసిన చేతులు అన్ని ఉండేవి. ఎర్రగడ్డలో దొరకనిది పురానాపూల్ దగ్గరి జుమ్మెరాత్ బజార్‌లో వెతకొచ్చు, పేరు గురువారానిది. కొత్త బోల్టులు, బ్లేడ్లు, వాషర్ల లాంటివాటికి రాణీగంజ్ ఉండనే ఉంది.

ఇక తుప్పు. ఇనుము నీటిని, గాలిలోని ఆక్సిజన్‌ను తోడు చేసుకుని తుప్పుగా మారినప్పుడు రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. పట్టనిచోట ఉబ్బుతుంది కనుక పొరలుగా లేచి ఊడిపోతుంది, ఊడినచోట కింది ఇనుము మళ్లీ గాలికి బయటపడుతుంది. నట్టు బోల్టును కరుచుకుని కదలకపోవడానికీ ఆ ఉబ్బే కారణం. బలంతో తిప్పితే తల తెగుతుంది. కిరోసిన్ పోసి ఒక రాత్రి ఊరుకుంటే చాలాసార్లు దానంతటదే వదులుతుంది.

తుప్పును కరిగించడానికి ఖరీదైన ద్రావకాలు అక్కర్లేదు. నిమ్మ ఉప్పు చాలు. ఇత్తడి చెంబును చింతపండుతో తోమే ఇంట్లో పుట్టినవాళ్లకు ఈ రసాయనం కొత్తది కాదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, నిమ్మ ఉప్పులోని సిట్రిక్ ఆమ్లం లోహపు అయాన్లను గోళ్లతో పట్టినట్టు పట్టి నీళ్లలోకి లాగేస్తాయి. లీటరు నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి, పానాలను కొన్ని గంటలు ముంచి, బ్రష్‌తో రుద్ది, బేకింగ్ సోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె పట్టించాలి. రాత్రంతా మర్చిపోతే ఆమ్లం తుప్పు అయిపోయాక ఇనుమును తినడం మొదలుపెడుతుంది.

పెద్ద వస్తువులకు నాకు ఎక్కువ ఇష్టమైన దారి విద్యుత్తు. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి, లీటరుకు ఒక చెంచా చొప్పున చాకలి సోడా కలపాలి. తుప్పు పట్టిన వస్తువును 12 వోల్టుల చార్జరు రుణధ్రువానికి, పనికిరాని ఇనుప రేకు ముక్కను ధనధ్రువానికి కట్టి, రెండూ తగలకుండా ముంచాలి. కరెంటు పారినప్పుడు వస్తువు ఒంటి మీద సన్నని బుడగలు లేస్తాయి. అది హైడ్రోజన్. తుప్పులో కొంత భాగం నల్లటి బూడిదలాంటి పదార్థంగా మారి వదులవుతుంది, మిగిలినదాన్ని బుడగలు కిందినుంచి లేపేస్తాయి. మంచి ఇనుము ఒక్క రవ్వ కూడా కరగదు. ఈ పద్ధతి గొప్పతనమదే: టబ్బును రెండు రోజులు మర్చిపోయినా వస్తువు చెడదు. ధ్రువాలు మారిస్తే మాత్రం వైస్ కరిగిపోయి, రేకు మెరుస్తుంది. ఇది చేయాల్సింది మేడ మీద, ఆరుబయట, నిప్పుకు దూరంగా. చెయ్యి పెట్టే ముందు కరెంటు తీసేయాలి. సోడా బదులు ఉప్పు వేయకూడదు, క్లోరిన్ వస్తుంది. రేకు బదులు స్టెయిన్‌లెస్ స్టీల్ గరిటె కట్టకూడదు, దానిలోని క్రోమియం విషంగా మారి నీళ్లలోకి దిగుతుంది.

అంత చేశాక కూడా గుంటల్లో కాస్త తుప్పు మిగిలితే కరక్కాయ కషాయం పూయొచ్చు. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి నల్లటి, నీటిలో కరగని పొర కడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులకు ఇది నిత్యకృత్యం. పాత ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి, ఆ ద్రవంతో కరక్కాయ పట్టించిన బట్ట మీద గీస్తారు. కలం కదిలినచోటల్లా గీత నల్లబడుతుంది. బట్ట మీద బొమ్మకు రంగైన చర్యే వైస్ మీద తుప్పుకు అడ్డుపొర అవుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, పదను. తెలుగులో ఈ మాట రెండుచోట్ల వింటాం. వాన పడ్డాక విత్తనానికి సరిపోయేంత తడి నేలలో ఉంటే పదను ఉందంటాడు రైతు. ఉలికి ఎంత గట్టిదనం కావాలో అంతే ఉంటే పదను ఉందంటాడు కమ్మరి. ఎక్కువైనా తక్కువైనా చెడే ఒక సరైన స్థితి అని రెండుచోట్లా అర్థం. ఉక్కును ఎర్రగా కాల్చినప్పుడు, అయస్కాంతం అంటడం మానేసే వేడి దాటాక, లోపలి కర్బనం ఇనుప అణువుల వరుసల మధ్య కలిసిపోతుంది. ఒక్కసారిగా నీళ్లలోనో నూనెలోనో ముంచితే బయటికి వచ్చే వ్యవధి లేక అక్కడే ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న కర్బనం వరుసలను బిగదీసి ఉంచుతుంది, ఉక్కు గాజులా గట్టిపడుతుంది, గాజులాగే పెళుసవుతుంది. మళ్లీ కొంచెం వేడి చేస్తే కొంత కర్బనం జారి బయటపడి, పెళుసుతనం తగ్గుతుంది. ఎంత వేడి అన్నది సానపట్టిన ఉక్కు మీద రంగే చెబుతుంది: 220 డిగ్రీల దగ్గర లేత గడ్డి రంగు, 260 దగ్గర గోధుమ, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం.

ఈ విద్య మనకు కొత్త కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దల కోసం పారశీక వర్తకులు వచ్చేవారని 1820లలో అక్కడికి వెళ్లిన హెన్రీ వోయ్‌సీ రాశాడు. ఆ రకం ఉక్కును వుట్జ్ అన్నారు. ఆ పేరు ఉక్కు అనే మాట నుంచే పుట్టిందని పండితుల్లో ఎక్కువమంది అంటారు. 1819లో మైకేల్ ఫారడే అంతటివాడు దాన్ని పరీక్షించి రహస్యం ఏమిటా అని తలపట్టుకున్నాడు. ఎల్బీ నగర్‌కు ఎక్కువ దూరం లేని కంచన్‌బాగ్‌లో 1973లో పెట్టిన మిశ్ర ధాతు నిగమ్‌లో ఇవాళ రాకెట్లకూ విమానాలకూ లోహాలు పోస్తున్నారు.

పదను పోయిందా లేదా తెలియడానికి జేబులో ఒక చిన్న ఆకురాయి పెట్టుకుని సంతకు వెళ్లాలి. ఆకురాయి చాలా పనిముట్లకన్నా గట్టిది. ఉలి అంచు మీద నెమ్మదిగా తోస్తే జారిపోవాలి. కొరికితే ఆ ఉలి మెత్తబడినట్టే. ఎవరో గ్రైండర్ మీద ఒత్తి పట్టుకుని నీలం రంగు తేలేదాకా కాల్చి ఉంటారు. ఆ నీలాన్ని తర్వాత సానపట్టి చెరిపేయొచ్చు, పదను మాత్రం రాదు. కొలిమి ఉన్నవాడు మళ్లీ పెట్టగలడు, మూడో అంతస్తు పోర్షన్‌లో ఉండేవాడు పెట్టలేడు. హైస్పీడ్ స్టీల్ డ్రిల్ బిట్లకు ఈ బెంగ లేదు. అవి 600 డిగ్రీల దాకా గట్టిదనం పోగొట్టుకోవు. పాత సంతలో కళ్లు మూసుకుని కొనదగ్గ సరుకు అవే.

ఏది ఏ ఉక్కో గ్రైండర్ చక్రానికి తాకించి నిప్పురవ్వలతో కనిపెట్టొచ్చు. దీపావళికి కాకరపువ్వొత్తిలో కాలేది ఇనుప రజనే. అందులో పువ్వులు పూసేది కర్బనం మండి రవ్వను పేల్చడం వల్ల. అదే లెక్క ఇక్కడా: మెత్తటి ఇనుము పొడుగు గీతలు చిమ్ముతుంది, పువ్వులు తక్కువ. కర్బనం ఎక్కువ ఉన్న పాత ఆకురాయి కొమ్మకొమ్మకూ పూస్తుంది. హైస్పీడ్ స్టీల్ మసక ఎర్రటి గీతలిచ్చి ఊరుకుంటుంది.

ఆ గ్రైండర్ పాతది కొనొచ్చు, దాని రాతిచక్రం మాత్రం కొనకూడదు. నిమిషానికి 2,850 చుట్లు తిరిగే 6 అంగుళాల చక్రం అంచు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది, ఎల్బీ నగర్ దాటి విజయవాడ హైవే ఎక్కిన కారులాగ. చేత్తో పట్టుకునే 4 అంగుళాల యాంగిల్ గ్రైండర్ అంచు 200 దాటుతుంది. ఎక్కడో కిందపడి కంటికి కనబడని బీట ఉన్న చక్రం ఆ వేగంలో ముక్కలైతే ఆ ముక్కలు ముఖానికే వస్తాయి. కొత్త చక్రం, కొత్త కళ్లజోడు, కొత్త వైరు, ఎర్తింగ్ ఉన్న ప్లగ్గు: ఈ నాలుగింట్లో పొదుపు చేసినవాణ్ని నేను క్షమించలేను. మరో మాట, కర్మాగారాల నుంచి వచ్చిన పాత యంత్రాలకు తరచు త్రీఫేజ్ మోటారు ఉంటుంది. మామూలు ఇంట్లో ఉండేది 230 వోల్టుల సింగిల్ ఫేజ్. మోటారు మీది రేకు చదవకుండా డబ్బు ఇవ్వొద్దు.

దాకలి బదులు రైలుపట్టా ముక్క చాలా బాగా పనిచేస్తుంది. అది కర్బనం బాగా ఉన్న గట్టి ఉక్కు. మీటరుకు 60 కిలోలు తూగే పట్టాలో అడుగు ముక్కే 18 కిలోలు. కానీ సరైన కాగితాలు లేకుండా రైల్వే సామాను దగ్గర ఉంచుకోవడం 1966 నాటి చట్టం ప్రకారం నేరం. కుప్పలో కనబడిందని తెచ్చుకోకండి. మందపాటి ఉక్కు దిమ్మె ఏదైనా సరిపోతుంది.

మా పోర్షన్‌లో బల్లకు దొరికిన చోటు మెట్ల కింది మూల. గోడకు బోల్టులతో బిగించాను. వైస్ దవడలు మోచేతి ఎత్తున ఉంటే భుజం నొప్పి రాదు. బల్ల కాళ్ల కింద పాత టైరు ముక్కలు పెట్టాక కింది ఇంటి అత్తమ్మ "ఇప్పుడు గోడ అరలో కప్పు అదరడం లేదు నాయనా" అంది. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని 2000 నాటి నియమాలు చెబుతాయి. రాత్రంటే 10 నుంచి పొద్దున 6 దాకా. గ్రైండర్ ఆ పగటి హద్దును కూడా ఇట్టే దాటుతుంది. కాబట్టి దాన్ని ఆదివారం మధ్యాహ్నం కాసేపే తిప్పుతాను. పక్క హాస్టల్లో పరీక్షలకు చదువుకునే పిల్లలున్నారు. మిగతా పనంతా రంపం, ఆకురాయే. అందుకు నాకు చింత లేదు, చేతికి తెలిసేది ఆ రెండింటితోనే.

వైస్ మీద మొదటి పని దానికే దవడ పట్టీలు చేయడం. మెత్తటి ఇనుప పట్టీని హాక్సాతో కోశాను. ఎప్పుడూ కనీసం మూడు పళ్లు లోహం మీద ఉండాలన్నది సూత్రం. పల్చటి రేకుకు ముతక బ్లేడు వాడితే పళ్లు ఊడేది అందుకే. కోయడం తేలిక, చదును చేయడమే కష్టం. అసలు చదును అంటే ఏమిటి? తిరగలి రాళ్లు రెండూ ఒకదానికొకటి అతికినట్టు కూర్చుంటాయి, అంతమాత్రాన చదునైనవి కావు. ఒకటి కాస్త గుబ్బగా, ఒకటి అంతే పల్లంగా ఉన్నా అలాగే కూర్చుంటాయి. 1840లో జోసెఫ్ విట్‌వర్త్ గ్లాస్గోలో వివరించిన కిటుకు మూడో పలకది. మూడు పలకలు, ఏ రెండు కలిపినా అతకాలి. మూడూ అతికాయంటే చదునుగా ఉండడం తప్ప వాటికి వేరే దారి లేదు. కచ్చితమైన కొలతలన్నిటికీ పునాది ఇంత మామూలు తర్కం.

నాకు మూడు పలకలు తీసే ఓపిక లేదు. వంటగట్టుకు కోయగా మిగిలిన నున్నటి నల్ల గ్రానైట్ ముక్క తెచ్చుకున్నాను. ప్రయోగశాల పలక అంత కచ్చితం కాకపోయినా నా పనికి చాలు. దీపపు మసిలో ఆముదం కలిపి రాయి మీద పల్చగా పూసి, పట్టీని బోర్లించి కొద్దిగా జరుపుతాను. ఎత్తుగా ఉన్నచోటే నలుపు అంటుతుంది. అక్కడే ఆకురాయి ఆడించి, తుడిచి, మళ్లీ బోర్లిస్తాను. మొదటి ఆదివారం నడుమ ఒక్క మచ్చ. నాలుగో ఆదివారానికి చుక్కలు మూడు మూలలకూ పాకాయి. ఎడమ పై మూల ఇంకా పల్లంగానే ఉంది. అది అందాలంటే మిగతా పట్టీ అంతా కాగితం మందంలో పదో వంతు దిగాలి. ఆకురాయి పళ్లకు సుద్ద రుద్ది పెట్టుకున్నాను.